కోడు మారలేదు, బిల్డు ఆగింది: ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను సరిచూసుకునే పద్ధతి

కావలిలో మేము నడిపే చిన్న శిక్షణ గదికి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు. ప్రాజెక్టు అప్పగించే గడువు దగ్గరపడే రోజులవి. వారిలో చాలామంది చెప్పే మాట ఒకటే: "కాలేజీ ల్యాబులో ఆడింది సార్, ఇంటికి తెచ్చాక ఆడడం లేదు." ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, రొయ్యల చెరువుల మేత లెక్క రాసుకోవడానికి తయారుచేస్తున్న ఆండ్రాయిడ్ యాప్‌ను పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకుని, బిల్డు (కోడును నడిచే యాప్‌గా మార్చే పని) ఆగిపోవడంతో నాలుగు రోజులపాటు కోడు ఫైళ్లను ఒక్కొక్కటిగా మార్చి చూసింది. ఆ ఫైళ్లలో దేనిలోనూ దోషం లేదు. బిల్డు సాధనం వాటిని తెరిచే దశకు చేరనే లేదు. "చెరువులో రొయ్యలు పైకి తేలితే మీ నాన్నగారు ముందు ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "నీళ్లలో డీఓ చూస్తారు సార్" అన్నది, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్. మందు చల్లడం తర్వాతి సంగతి. ఆమె నాలుగు రోజులుగా చేసినది మందు చల్లడమే.

మేవెన్, గ్రేడిల్, ఎన్‌పీఎం వంటి బిల్డు సాధనాలు ఈదే నీటికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు అని పేరు. ఒక పేరు, దానికి ఒక విలువ, అంతే వాటి స్వరూపం. జావా ఏ ఫోల్డరులో ఉంది, ఆదేశాలను ఏయే ఫోల్డర్లలో ఏ వరుసలో వెతకాలి, ఇంటర్నెట్‌కు ఏ ప్రాక్సీ (మధ్యవర్తి కంప్యూటరు) ద్వారా వెళ్లాలి వంటి సంగతులను సాధనం ఈ జంటలను చదివి తెలుసుకుంటుంది. ఈ వ్యాసంలో ఆదేశాలనూ వేరియబుళ్ల పేర్లనూ తెలుగు లిపిలోనే రాశాను. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. జావా_హోమ్, పాత్ వంటి పేర్లను పెద్ద అక్షరాలతో రాయడం ఆచారం. విండోస్‌లో చిన్న అక్షరాలతో రాసినా చెల్లుతుంది, లినక్సులో చెల్లదు.

ప్రోగ్రాముకు అందినదే లెక్క

ఈ విషయంలో పడే చిక్కులకు మూలం ఒక అపోహ. సెట్టింగుల కిటికీలో విలువ మార్చగానే కంప్యూటరులోని ప్రోగ్రాములన్నిటికీ అది తెలిసిపోతుందని అనుకుంటాము. అది నిజం కాదు. ఏ ప్రోగ్రామయినా మొదలయ్యే క్షణంలో, తనను మొదలుపెట్టిన ప్రోగ్రాము దగ్గర ఉన్న వేరియబుళ్ల నకలును వారసత్వంగా తీసుకుంటుంది; ఆ తర్వాత బయట ఏమి మారినా ఆ నకలు మారదు. మీరు టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచిన తర్వాత సెట్టింగులలో జావా_హోమ్ సరిచేస్తే, ఆ టెర్మినల్‌కు పాత విలువే తెలుసు, అందులోంచి నడిపిన గ్రేడిల్‌కూ పాత విలువే అందుతుంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ లోపల కనిపించే టెర్మినల్‌ను మూసి మళ్లీ తెరిచినా ఒక్కోసారి ఫలితం ఉండకపోవడానికి కారణం ఇదే: దానికి తల్లి వీఎస్ కోడ్, ఆ తల్లి పాత నకలుతోనే నడుస్తున్నది. దానిని పూర్తిగా మూసి తెరవాలి. నిజం చెప్పాలంటే, మా గదికి వచ్చే సమస్యలలో కొన్ని "అన్నీ మూసి మళ్లీ తెరువు" అనే ఒక్క మాటతో తీరిపోతాయి, వచ్చినవారు కొంచెం సిగ్గుపడి వెళ్తారు. సిగ్గుపడవలసిన పని లేదు. ఈ వారసత్వ నియమాన్ని పాఠంగా చెప్పేవారు తక్కువ.

కనుక సెట్టింగులలో ఏమి రాసి ఉందో చూసి తృప్తి పడకుండా, బిల్డు తప్పిన అదే టెర్మినల్‌ను ప్రశ్నించాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎకో %జావా_హోమ్% అని అడిగితే విలువ వస్తుంది. విలువకు బదులు శాతం గుర్తులతో సహా మీరు టైపు చేసినదే తిరిగి వస్తే, ఆ పేరుతో వేరియబుల్ లేదని అర్థం. అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మీరు తెరిచినది పవర్‌షెల్ అయితే, వేరియబుల్ చక్కగా ఉన్నా శాతం గుర్తులతో అడిగినప్పుడు టైపు చేసినదే తిరిగి వస్తుంది, ఎందుకంటే పవర్‌షెల్‌కు ఆ గుర్తుల భాష తెలియదు. అక్కడ డాలరు గుర్తు, ఎన్వ్, రెండు చుక్కలు, ఆ తర్వాత పేరు కలిపి $ఎన్వ్:జావా_హోమ్ అని అడగాలి. లినక్సులోనూ మ్యాక్‌లోనూ ఎకో తర్వాత $జావా_హోమ్ అని రాస్తే చాలు. ఏ టెర్మినల్‌లో ఉన్నామో తెలుసుకోకుండా "వేరియబుల్ లేదు" అని తేల్చి, ఉన్నదాని మీద మరొకటి పెట్టి, ఉన్న చిక్కును రెండు చేసుకున్నవారిని చూశాను.

జావా_హోమ్ తెచ్చే తంటాలు

మా దగ్గరకు వచ్చే లోపాలలో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతాయి కనుక దీని దగ్గర కొంచెం నిలబడడం మంచిది. గ్రేడిల్ అయితే "జావా_హోమ్ ఈజ్ సెట్ టు యాన్ ఇన్‌వ్యాలిడ్ డైరెక్టరీ" అంటుంది, అంటే మీరు చెప్పిన చోట జావా లేదని. మేవెన్ అయితే జావా_హోమ్‌ను సరిగా నిర్వచించలేదని చెప్పి ఆగిపోతుంది. రెండు సందేశాలూ నిజాయితీగలవే. సాధనం మీరిచ్చిన విలువ చివర బిన్ అనే ఫోల్డరును, దానిలో జావా అనే ప్రోగ్రామును చేర్చి వెతుకుతుంది, కనిపించకపోతే ఫిర్యాదు చేస్తుంది. అందువల్ల విలువగా జేడీకే (జావా ప్రోగ్రాములు తయారుచేసే సామగ్రి) ఫోల్డరు వరకే ఇవ్వాలి, ఉదాహరణకు సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\జావా\జేడీకే-17 అని. చివర బిన్ కూడా రాస్తే సాధనం బిన్ లోపల మరో బిన్ కోసం వెతికి ఖాళీ చేతులతో వస్తుంది. మేము చూసే తప్పులలో ఇది మొదటిది.

రెండవది కంటికి కనిపించని తప్పు: విలువ చివర ఒక ఖాళీ, లేదా ఒక సెమీకోలన్, లేదా విలువకు అటూ ఇటూ కోట్లు. పాత్‌లో ఫోల్డర్లను సెమీకోలన్‌తో వేరు చేస్తాము కనుక అలవాటు చొప్పున జావా_హోమ్ చివర కూడా దానిని పెట్టేస్తాము. ఇక్కడ అది ఫోల్డరు పేరులో భాగమైపోతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ పేరులో ఖాళీ ఉంది కదా అని జాగ్రత్తకు కోట్లు పెట్టేవారూ ఉన్నారు. కొన్ని స్క్రిప్టులు ఆ కోట్లను తామే తీసేసుకుంటాయి, కొన్ని అలాగే మోసుకుపోయి దారి తప్పుతాయి, అందుచేత ఒకే విలువ ఒక సాధనంతో పనిచేసి మరొకదానితో చెడుతుంది. చివర ఖాళీ ఉన్నదో లేదో కంటితో తెలియదు. ఎకో ఆదేశంలో శాతం గుర్తులకు ముందూ వెనుకా చదరపు బ్రాకెట్లు చేర్చి అడిగితే, ముగింపు బ్రాకెట్ విలువకు అతుక్కుని ఉందో ఎడంగా ఉందో చూసి పట్టుకోవచ్చు.

మూడవది కాలం తెచ్చే తప్పు. కొన్ని జేడీకే పంపిణీల ఇన్‌స్టాలర్లు ఫోల్డరు పేరులోనే పూర్తి వెర్షన్ సంఖ్యను పెడతాయి. అప్‌డేట్ జరిగినప్పుడు పాత ఫోల్డరు పోయి కొత్త సంఖ్యతో మరొకటి వస్తుంది, జావా_హోమ్ మాత్రం లేని ఫోల్డరు వైపే వేలు చూపుతూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. కవరు మీద జిల్లా పేరు పాతదే ఉన్నా ఊరి పేరూ పిన్‌కోడూ చూసి పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని చేర్చగలడు. బిల్డు సాధనానికి ఆ లౌక్యం లేదు. ఒక్క అంకె తేడా వచ్చినా వెనక్కు పంపేస్తుంది. "నిన్నటిదాకా ఆడింది, నేనేమీ ముట్టుకోలేదు" అనే ఫిర్యాదు వినగానే నేను అప్‌డేట్ సంగతే ముందు అడుగుతాను.

ఇక్కడ గుర్తు పెట్టుకోదగిన సంగతి మరొకటి ఉంది. జావా_హోమ్ అసలు లేకపోతే గ్రేడిల్ పాత్‌లో జావా కోసం వెతుక్కుంటుంది, ఇటీవలి మేవెన్ కూడా అంతే. తప్పు విలువతో ఉంటే మాత్రం వెతకకుండా ఆగిపోతుంది. అంటే తప్పుగా ఉండడం కంటే లేకపోవడమే నయం. అనుమానం వచ్చినప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్ జావా_హోమ్= అని రాసి, సమానం గుర్తు తర్వాత ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే, ఆ ఒక్క కిటికీ వరకు వేరియబుల్ తొలగిపోతుంది. అప్పుడు బిల్డు నడిస్తే దోషి ఎవరో తెలిసినట్లే. ఇది తాత్కాలికమైన పరీక్ష, కిటికీ మూస్తే పాత స్థితి తిరిగి వస్తుంది, కనుక భయపడకుండా చేయవచ్చు.

పాత్‌లో ముందున్నదే గెలుస్తుంది

జాతీయ రహదారి మీద కావలి నుంచి నెల్లూరుకు బయలుదేరి, "టీ" అన్న బోర్డు మొదట ఎక్కడ కనిపిస్తే అక్కడే బండి ఆపేసే డ్రైవరును ఊహించుకోండి. ఆ తర్వాత ఎంత మంచి టీ దొరికినా అతడికి అనవసరం. పాత్ అనే వేరియబుల్ పనిచేసేది అచ్చంగా అలాగే. మీరు జావా అని టైపు చేయగానే, పాత్‌లోని ఫోల్డర్లను ఎడమ నుంచి కుడికి వెతికి, ఆ పేరుతో మొదట దొరికిన ప్రోగ్రామునే నడుపుతుంది. ఒకే కంప్యూటరులో జావా 8, జావా 17 రెండూ ఉండి, 8 ఉన్న ఫోల్డరు ముందుంటే, 17ను ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు.

ఎవరు ముందున్నారో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ జావా అని అడగాలి. దొరికిన ప్రతి చోటునూ వరుసగా చూపుతుంది, మొదటి వరుసలోనిదే అమలులో ఉన్నది. పవర్‌షెల్‌లో వేర్ అనే పేరు వేరే పనికి కేటాయించి ఉంది కనుక అక్కడ వేర్ తర్వాత చుక్క, ఈఎక్స్‌ఈ చేర్చి అడగాలి, లేకపోతే ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. లినక్సులో విచ్ -ఏ జావా ఇదే పని చేస్తుంది.

విండోస్‌లో వేరియబుళ్లు రెండు అంతస్తులుగా ఉంటాయి: కంప్యూటరు మొత్తానికి చెందిన సిస్టమ్ వేరియబుళ్లు, ఒక్క వినియోగదారుకు చెందిన యూజర్ వేరియబుళ్లు. జావా_హోమ్ రెండు చోట్లా ఉంటే యూజర్ విలువ చెల్లుతుంది. పాత్ సంగతి దీనికి తలకిందులు: రెంటినీ కలిపి ఒకటిగా చేస్తారు, అందులో సిస్టమ్ భాగం ముందు, యూజర్ భాగం వెనుక. కాలేజీ ల్యాబులో అడ్మిన్ హక్కు లేని విద్యార్థి తన యూజర్ పాత్‌లో జావా 17ను ఎంత పైకి జరిపినా, సిస్టమ్ పాత్‌లో ఉన్న పాత జావాను దాటలేడు. అదే విద్యార్థి జావా_హోమ్‌ను మాత్రం తన స్థాయిలోనే మార్చుకోగలడు, గ్రేడిల్, మేవెన్ దానికే కట్టుబడతాయి. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ సిస్టమ్ పాత్ మొదట్లో జావాపాత్ అనే పేరు గల ఫోల్డరును చేర్చే అలవాటు కలది. మనం పెట్టని వరుస ఒకటి పైన కూర్చుని ఉంటే అది ఇదే కావచ్చు.

ఈ రెండు నియమాల తేడా వల్లనే అందరినీ తికమకపెట్టే స్థితి ఒకటి ఏర్పడుతుంది. జావా -వెర్షన్ అని అడిగితే 17 అంటుంది, బిల్డు మాత్రం జావా 8తో నడిచి తప్పుతుంది. మొదటి జవాబు పాత్ చెప్పినది, రెండవ పని జావా_హోమ్ చేయించినది. కనుక జావాను కాదు, సాధనాన్నే అడగాలి. మేవెన్‌కు ఎంవీఎన్ -వెర్షన్, గ్రేడిల్‌కు గ్రేడిల్‌డబ్ల్యూ --వెర్షన్ అనే ఆదేశాలు తాము ఏ జావాతో నడుస్తున్నాయో చెబుతాయి. మేవెన్ ఆ జావా ఉన్న ఫోల్డరును కూడా చూపుతుంది. ఎవరయినా సహాయం కోసం ఫోను చేస్తే నేను ముందు చదివి వినిపించమనేది ఈ నాలుగైదు వరుసలనే.

పాత్‌ను మార్చేటప్పుడు ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. సెట్‌ఎక్స్ అనే ఆదేశంతో పాత్‌కు ఒక కొత్త ఫోల్డరును చేర్చమని సలహా ఇచ్చే సూచనలు చాలా చోట్ల కనిపిస్తాయి. ఆ ఆదేశం 1024 అక్షరాలకు మించిన విలువను అక్కడికి కత్తిరించి భద్రపరుస్తుంది. ఒక హెచ్చరిక వరుస చూపుతుంది గాని పని ఆపదు. పైగా %పాత్% అని రాసినప్పుడు సిస్టమ్, యూజర్ భాగాలు రెండూ కలిసిపోయిన విలువ వస్తుంది కనుక, ఆ కలగాపులగమంతా యూజర్ పాత్‌లో వచ్చి పడుతుంది. కొన్నేళ్ల క్రితం ఒంగోలులో ఒకచోట కంప్యూటర్లు సిద్ధం చేస్తూ ఇలాగే చేశాను. పాత్ తోక తెగిపోయి, గిట్, నోడ్, పైథాన్ మూడూ ఒకేసారి కనిపించకుండా పోయాయి. అదృష్టవశాత్తు ముందే తెరిచి ఉన్న మరొక కమాండ్ ప్రాంప్ట్ కిటికీ మిగిలి ఉంది. పైన చెప్పిన వారసత్వ నియమం ప్రకారం దాని దగ్గర పాత నకలు చెక్కుచెదరకుండా ఉన్నది, అందులో ఎకో %పాత్% అని అడిగి, వచ్చినదానిని నోట్‌ప్యాడ్‌లోకి ఎత్తుకుని, ఒక్కొక్క ఫోల్డరునూ తిరిగి చేర్చాను. మీకు అటువంటి గతి పడితే తొందరపడి అన్ని కిటికీలూ మూయవద్దు, కంప్యూటరును రీస్టార్ట్ చేయవద్దు. అసలు ఆ ఆదేశం జోలికి పోకుండా, స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని వెతికి తెరిచే సెట్టింగుల కిటికీలోనే మార్చుకోవడం మేలు. విండోస్ 10 నుంచి పాత్ అక్కడ వరుసల జాబితాగా కనిపిస్తుంది, పైకి కిందికి జరిపే బటన్లూ ఉంటాయి. మార్చే ముందు పాత విలువను ఒక ఫైలులో దాచుకోవడానికి పట్టేది అర నిమిషం.

సంఖ్యలు చెప్పే భాష

కొన్ని సందేశాలు వేరియబుల్ పేరెత్తకుండా ఒక సంఖ్య మాత్రం చెబుతాయి: "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" వంటివి. ఆ సంఖ్యలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పాత ప్రాజెక్టులోని గ్రేడిల్ వయసు ఎక్కువై, మీ జావా మరీ కొత్తదైతే ఈ సందేశం వస్తుంది. జావా 17 మీద నడవాలంటే గ్రేడిల్ 7.3, జావా 21 మీద నడవాలంటే గ్రేడిల్ 8.5, లేదా ఆ తర్వాతివి కావాలి. అటు తిరిగి, జావా పాతదై ప్రాజెక్టు కొత్తదైతే మేవెన్ "ఇన్‌వ్యాలిడ్ టార్గెట్ రిలీజ్: 17" అంటుంది. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి జావా 17 తప్పనిసరి. "నో కంపైలర్ ఈజ్ ప్రొవైడెడ్" అని మేవెన్ అన్నదంటే, జావా_హోమ్ చూపిస్తున్న చోట ప్రోగ్రాములను నడపడానికి మాత్రమే పనికివచ్చే జేఆర్‌ఈ ఉన్నదని, కంపైలర్ ఉండే జేడీకే లేదని గ్రహించాలి.

ఆండ్రాయిడ్, పెన్‌డ్రైవు

ఇందుకూరుపేట విద్యార్థిని సమస్య చివరికి తేలినది ఇక్కడే. ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (యాప్‌ల తయారీకి కావలసిన సామగ్రి) ఎక్కడ ఉన్నదో చెప్పడానికి రెండు దారులు ఉన్నాయి: ఆండ్రాయిడ్_హోమ్ అనే వేరియబుల్, ప్రాజెక్టు ఫోల్డరులోని లోకల్ ప్రాపర్టీస్ అనే చిన్న ఫైలు. రెండూ ఉంటే ఫైలులోని ఎస్‌డీకే.డీఐఆర్ అనే వరుసకే ప్రాధాన్యం. ఆ ఫైలును ఆండ్రాయిడ్ స్టూడియో తానే తయారుచేసుకుంటుంది, అందులో ఆ కంప్యూటరుకు చెందిన చిరునామా ఉంటుంది. ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి ఎత్తినప్పుడు ల్యాబు కంప్యూటరు చిరునామా కూడా ఆమెతో పాటు ఇంటికి వచ్చింది. ఆమె ఆండ్రాయిడ్_హోమ్‌ను ఎన్నిసార్లు సరిచేసినా ఉపయోగం లేకపోయింది, ఎందుకంటే దానిని అడిగినవారే లేరు. ఆ ఫైలును తీసేసి, స్టూడియోలో ప్రాజెక్టును మళ్లీ తెరిస్తే ఆమె కంప్యూటరు చిరునామాతో కొత్త ఫైలు తయారయింది. కోడు మార్పులను భద్రపరిచే గిట్ సాధనాన్ని వాడేవారికి ఈ ఇబ్బంది తక్కువ, ఆ ఫైలును గిట్‌లోకి చేర్చకుండా విడిచిపెట్టడం మొదటి నుంచీ పద్ధతిగా ఉంది.

స్టూడియోలో బిల్డు నడిచి టెర్మినల్‌లో ఆగిపోయినా ఆశ్చర్యపోవద్దు. స్టూడియో తనతో పాటు తెచ్చుకున్న జేడీకేను వాడుకోగలదు, ఏది వాడాలో దాని సెట్టింగులలో గ్రేడిల్ జేడీకే అనే చోట ఉంటుంది. టెర్మినల్ జావా_హోమ్‌నే నమ్ముతుంది. గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైలులో ఓఆర్‌జీ.గ్రేడిల్.జావా.హోమ్ అనే వరుసను ఎవరైనా రాసి ఉంటే బిల్డు నడిచేది ఆ జావాతోనే, ఆ విషయంలో జావా_హోమ్ మాట చెల్లదు. పాత ప్రాజెక్టును ఇంకొకరి దగ్గర తీసుకున్నప్పుడు ఈ వరుస కోసం ఒకసారి వెతకండి.

ముచ్చటపడి ప్రాజెక్టు ఫోల్డరుకు తెలుగు లిపిలో పేరు పెట్టినవారు కూడా వచ్చారు. విండోస్‌లో ఆండ్రాయిడ్ ప్లగిన్ ఫోల్డరు దారిలో ఇంగ్లీషేతర అక్షరాలు ఉంటే బిల్డు ఆపేస్తుంది. భాషాభిమానిగా నాకు బాధగానే ఉంటుంది గాని, ఫోల్డరు పేరు మార్చడమే దారి. విండోస్ ఖాతా పేరే తెలుగులో ఉంటే, గ్రేడిల్ తన సామగ్రి దాచుకునే చోటును గ్రేడిల్_యూజర్_హోమ్ అనే వేరియబుల్‌తో సి డ్రైవులో మరొక ఫోల్డరుకు మార్చుకోవచ్చు.

నోడ్, ప్రాక్సీ, మెమరీ

జావాస్క్రిప్టును నడిపే నోడ్ ప్రాజెక్టులలో నోడ్_ఎన్వ్ అనే వేరియబుల్‌కు ప్రొడక్షన్ అనే విలువ శాశ్వతంగా ఉండిపోతే, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఏ ఫిర్యాదూ లేకుండా ముగుస్తుంది, కాని అభివృద్ధికి కావలసిన ప్యాకేజీలను వదిలేస్తుంది. తర్వాత బిల్డు చేయబోతే వీట్ అనే బిల్డు సాధనపు ఆదేశమే లేదంటుంది. తప్పు కనిపించేది ఒకచోట, జరిగినది మరొకచోట. వేరియబుల్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. నోడ్_ఆప్షన్స్ కథ వేరు. 2021 అక్టోబరులో వచ్చిన నోడ్ 17 ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 3కు మారడంతో, పాత వెబ్‌ప్యాక్ (వెబ్ కోడు ఫైళ్లను కట్టగట్టే సాధనం) ప్రాజెక్టులు "డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్" అనే సందేశంతో ఆగిపోసాగాయి. దానికి విరుగుడుగా ఓపెన్ఎస్ఎస్ఎల్ లెగసీ ప్రొవైడర్ అనే ఆప్షన్‌ను ఈ వేరియబుల్‌లో పెట్టుకోమన్నారు. ఆ ఒక్క కిటికీ వరకు పెట్టుకుంటే పరవాలేదు. శాశ్వతంగా పెట్టుకున్నవారు తర్వాత నోడ్ 16కు వెళ్తే, ఆ ఆప్షన్ తనకు తెలియదని నోడ్ మొదలు కానే కాదు, దానితో పాటు ఎన్‌పీఎం కూడా. వెబ్‌ప్యాక్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోవడమే సరైన వైద్యం.

కాలేజీ హాస్టల్‌లో ప్రాక్సీ ద్వారా ఇంటర్నెట్ వాడినవారు హెచ్‌టీటీపీ_ప్రాక్సీ, హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ అనే వేరియబుళ్లను పెట్టుకుని మరిచిపోతారు. సెలవులకు ఇంటికి వచ్చాక బ్రౌజరు బాగానే నడుస్తుంది, ఎన్‌పీఎం, పిప్, గిట్ మాత్రం లేని ప్రాక్సీ తలుపు తడుతూ కాలం గడుపుతాయి. వాటిని తొలగిస్తే తీరుతుంది. గ్రేడిల్, మేవెన్ ఈ వేరియబుళ్లను పట్టించుకోవు. గ్రేడిల్‌కు ప్రాక్సీ సంగతి వినియోగదారు హోమ్ ఫోల్డరులో .గ్రేడిల్ అనే ఫోల్డరులోని గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైలులోనూ, మేవెన్‌కు సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనూ ఉంటుంది, కనుక అవి చిక్కుపడితే అక్కడ చూడాలి.

జావాతో మొదలయ్యే ఏ ఆదేశం ఇచ్చినా "పిక్డ్ అప్ జావా_టూల్_ఆప్షన్స్" అనే వరుస ముందు వస్తున్నదంటే, ఎవరో ఒకప్పుడు పెట్టిన ఆప్షన్లు ప్రతి జావా ప్రోగ్రాముకూ అంటుకుంటున్నాయని అర్థం. ఎంత మెమరీ వాడాలో అందులో ఎక్కువగా రాసి ఉంటే, తక్కువ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో జావా మొదలయ్యేటప్పుడే చోటు చాలదని ఆగిపోతుంది. మేవెన్_ఆప్ట్స్, గ్రేడిల్_ఆప్ట్స్ కూడా తమ తమ సాధనాల వరకు ఇదే కోవలోవి.

లినక్సులో

లినక్సులో విలువ ఇచ్చేటప్పుడు సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు, ముందు ఎక్స్‌పోర్ట్ అనే మాట ఉండాలి. ఆ మాట లేకపోతే విలువ షెల్ దగ్గరే ఉండిపోతుంది, బిల్డు సాధనానికి అందదు. ఎకో చేస్తే కనిపిస్తుంది గనుక ఇది చాలామందిని మోసగిస్తుంది. ప్రింట్ఎన్వ్ అనే ఆదేశం ఎక్స్‌పోర్ట్ అయిన వాటినే చూపుతుంది, దానినే నమ్మాలి. అడ్మిన్ హక్కుతో నడిపే సుడో ఆదేశాన్ని ముందు చేర్చి బిల్డు నడిపితే సాధారణంగా మీ వేరియబుళ్లలో చాలావరకు వదిలివేయబడతాయి, పాత్ కూడా మారిపోతుంది. క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపే సేవ) ద్వారా రాత్రి పూట నడిచే బిల్డుకు దక్కే పాత్ మరీ చిన్నది, టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైలులో మీరు రాసుకున్నవి దానికి తెలియవు. ఇటువంటి చోట్ల కావలసిన విలువలను ఆ స్క్రిప్టులోనే మొదట రాసుకోవడం ఉత్తమం. విండోస్‌లో తయారుచేసిన ఫైలునుంచి విలువలు చదివిస్తే ప్రతి వరుస చివరా కనిపించని ఒక అక్షరం వెంట వస్తుంది. క్యాట్ -ఏ తో, ఏ ను పెద్ద అక్షరంగా రాసి చూస్తే, అది ^ఎం రూపంలో బయటపడుతుంది.

సరిచేసిన తర్వాత

ఒకేసారి రెండు మార్పులు చేయవద్దు. ఒక వేరియబుల్ మార్చి, టెర్మినల్‌ను, ఎడిటర్‌ను పూర్తిగా మూసి, కొత్తగా తెరిచిన కిటికీలో ముందు విలువను అడిగి, ఆ తర్వాత సాధనం వెర్షన్ ఆదేశాన్ని నడిపి, అది చూపే జావా ఫోల్డరు మీరు కోరినదేనని కళ్లతో చూసి, అప్పుడు బిల్డు మొదలుపెట్టండి. బిల్డు మళ్లీ తప్పితే సందేశం మారిందో లేదో గమనించండి. మారితే మీరు ఒక మెట్టు దాటినట్లే, మారకపోతే చేసిన మార్పును వెనక్కు తీసుకుని మరొకటి ప్రయత్నించండి. వెతుకులాటలో భాగంగా పెట్టి మరిచిపోయిన విలువలు ఏవయినా మిగిలాయేమో, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒట్టి సెట్ అని రాసి ఎంటర్ నొక్కి, వచ్చిన జాబితాను పై నుంచి కింది దాకా ఒకసారి చదవండి. ఇందుకూరుపేట విద్యార్థిని ఆ జాబితా చదువుతూ ఆండ్రాయిడ్_హోమ్ పక్కనే, ఒక అక్షరం తప్పుగా రాసిన ఆండ్రాయిడ్_హోం, ఇంకొక తప్పుతో మరొకటి కనుక్కుని, నవ్వుకుంటూ ఆ రెంటినీ తుడిచేసింది.